పర్లాకిమిడిని ఏ పేరుతో వెతకాలి?

సంపాదకుడు గారికి,

పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెడుతుంటే సరిహద్దుకు ఇవతల ఉన్న మాలాంటి వాళ్లకు పండగే. 1936 ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసింది. అంతకుముందు ఇక్కడి తెలుగువాళ్ల సంగతులు తెలియాలంటే ఆ పత్రికలే దిక్కు. తీరా వెతకబోతే ఊరి పేరు దగ్గరే పని ఆగిపోతోంది.

మేం పర్లాకిమిడి అంటాం. ఒక పత్రిక పర్లాకిమెడి అంటుంది, ఇంకొకటి ఒట్టి కిమిడి అని ఊరుకుంటుంది. గంజాం జిల్లాలో అప్పట్లో పెదకిమిడి, చినకిమిడి జమీందారీలు కూడా ఉండేవి కనుక అది ఏ కిమిడో వార్త మొత్తం చదివితే గానీ తేలదు. 1900లో నౌపడ నుంచి చిన్న రైలు వచ్చిన ఊరూ ఇదే, ఇవాళ స్టేషన్ బోర్డు మీద పర్లాఖెముండి అని కనిపించే ఊరూ ఇదే.

అసలు తంటా అచ్చుతో. పాత అచ్చులో వలపలగిలక వాడేవారు కదా, 'ర్లా' బదులు 'లా' పెట్టి పక్కన ౯ లాంటి గుర్తు వేసేవారు. 'పలా౯కిమిడి' అన్నమాట. కంప్యూటర్ దాన్ని తొమ్మిది అంకె అనుకుంటుంది! సిరా అలికితే 'ప' కాస్తా 'వ' అవుతుంది. ఇరుకు కాలమ్‌లో పేరు పట్టకపోతే 'పర్లాకి' పై లైన్లో, 'మిడి' కింది లైన్లో పడుతుంది, మధ్యలో గీత కూడా ఉండదు. మనం కలిపి చదువుకుంటాం, మెషిన్‌కు అవి రెండు ముక్కలు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది, సవర భాష మీద పనిచేసింది ఇక్కడే. ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన మీద పరిశోధన చేసే విద్యార్థి ఒక్క స్పెల్లింగుతో వెతికి 'ఏమీ దొరకలేదు' అని రాసేస్తే తప్పు ఎవరిది?

పాత పేర్లన్నీ ఇప్పటి స్పెల్లింగులోకి దిద్దేస్తే సరిపోతుందనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అచ్చయింది అచ్చయినట్టే ఉండాలి. ఏ పేరు కొట్టినా ఆ పేజీ దొరికేలా వెనక ఒక పేర్ల పట్టిక కడితే చాలు, అదేమీ కోట్ల ఖర్చు కాదు. బరంపురానికైతే ఇది మరీ అవసరం, బెంగాల్లోనూ ఒక బరంపురం ఉంది మరి.

పత్రికలను స్కాన్ చేయిస్తున్న గ్రంథాలయాలు, ప్రభుత్వ సంస్థలు ఈ సంగతి పట్టించుకోవాలి. మీ పత్రిక కూడా ఒక చిన్న ప్రకటన వేస్తే గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల పెద్దవాళ్లు తమ ఊళ్ల పాత పేర్లు రాసి పంపుతారు. మా వీధి వరకు ఆ పని నేను చేస్తాను.

- ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా