బుల్లెట్ క్లచ్ ప్లేట్లు నువ్వే మార్చుకోవచ్చు చిట్టీ

చి. చిట్టికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం.

మొన్న ఫోనులో నువ్వు చెప్పింది అప్పటి నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదన్నావు. అది క్లచ్ జారడమే. నువ్వు చూపించిన చోట 'ఇంజిన్ దించాలి' అన్నారన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మన పాత బుల్లెట్‌కి క్లచ్ ప్లేట్లు మార్చాలంటే ఇంజిన్ దించక్కర్లేదు. ఎడమవైపు చైన్ కవరు తీస్తే ప్లేట్లు ఎదురుగా ఉంటాయి. ఆ పని నువ్వే చేసుకోగలవు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. పక్కన పెట్టుకుని చదువుకుంటూ చెయ్యి.

కుడివైపు గేరు, ఎడమవైపు బ్రేకు ఉన్న ఈ నాలుగు గేర్ల బండి 1950ల్లో మద్రాసులో తయారు కావడం మొదలైన బుల్లెట్ సంతతిదే. అప్పట్లో ఊరికొక సర్వీస్ సెంటర్ ఎక్కడిది? రోడ్డు పక్కన ఆగి, స్పానర్లతో విప్పుకుని, బాగుచేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మనుషుల కోసం చేసిన బండి ఇది. విప్పితే తప్పేమో అని నువ్వు భయపడక్కర్లేదు.

పని మొదలుపెట్టే ముందు జారుతున్నది ప్లేట్లు అరగడం వల్లేనా అని తేల్చుకో. క్లచ్ లివర్‌కి కాస్త లూజు ఉండాలి. లివర్ మొదట్లో, కేబుల్ తగులుకునే చోట, రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీగా ఆడాలి. అసలు ఆటే లేదంటే, నువ్వు లివర్ పట్టుకోకపోయినా కేబుల్ ప్లేట్లని కొద్దిగా విడదీసి ఉంచుతోందన్నమాట. అప్పుడు కొత్త ప్లేట్లు వేసినా జారతాయి. ముందు కేబుల్ వదులు చేసి ఒక రౌండు కొట్టి చూడు. ఆ తర్వాత ఆయిల్ సంగతి. చైన్ కేసులో, అంటే చైన్ కవరు లోపల క్లచ్ ఉండే గదిలో, ఆయిల్ మరీ ఎక్కువ పోసినా, కార్లకి వాడే పల్చటి 'ఎనర్జీ కన్జర్వింగ్' ఆయిల్ పోసినా క్లచ్ జారుతుంది. ఆ ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, మనకేమో ప్లేట్ల మధ్య రాపిడే కావాలి. అందుకే డబ్బా మీద జాసో (జపాను వాళ్ళ ఆయిల్ ప్రమాణం) ఎంఏ గానీ ఎంఏ2 గానీ రాసి ఉందో లేదో చూసి కొను. ఎంబీ అని ఉన్నది గేర్లు లేని స్కూటర్లకి, అది వద్దు. ఈ రెండూ సరిగ్గా ఉండి కూడా టాప్ గేరులో యాక్సిలరేటర్ తిప్పగానే స్పీడు పెరగకుండా ఇంజిన్ మోత మాత్రమే పెరిగితే ప్లేట్లు అయిపోయినట్టే.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే చేతులు వాటంతటవే దారి వెతుక్కుంటాయి. రెండు పేకముక్కల కట్టల్ని ఒకదాంట్లోకి ఒకటి దూర్చినట్టు రెండు రకాల ప్లేట్లు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ఒక రకం, అంటే రాపిడి ప్లేట్లు, బయటి డ్రమ్ముని పట్టుకుంటుంది, ఆ డ్రమ్ముని ఇంజిన్ ప్రైమరీ చైన్‌తో తిప్పుతుంది. రెండో రకం, స్టీలు ప్లేట్లు, మధ్యలో ఉన్న హబ్‌ని పట్టుకుంటుంది, హబ్ గేర్‌బాక్సు షాఫ్ట్ మీద కూర్చుని ఉంటుంది. పైనుంచి స్ప్రింగులు వీటన్నిటినీ అదిమి పట్టినంత సేపూ అన్నీ కలిసి తిరుగుతాయి. నువ్వు లివర్ నొక్కితే షాఫ్ట్ లోపలి బోలులోంచి ఒక రాడ్ వచ్చి, స్ప్రింగుల కింద అన్నిటికన్నా పైన ఉండే ప్రెషర్ ప్లేటుని బయటికి తోస్తుంది, ప్లేట్లు విడిపోతాయి. మనకి కావాల్సింది ఆ స్ప్రింగులు విప్పి, ప్లేట్లు తీసి, కొత్తవి పెట్టడం. హబ్‌ని ముట్టుకోవడం లేదు. స్పెషల్ టూల్స్ అని భయపెట్టేదంతా ఆ హబ్ గురించే. దాని మధ్య నట్టు విప్పి హబ్ బయటికి లాగాలంటే పుల్లర్ కావాలి.

కొనాల్సినవి: రాపిడి ప్లేట్ల సెట్టు, స్ప్రింగులు మూడూ, చైన్ కవరు చుట్టూ ఉండే రబ్బరు సీలు, ఆయిల్. స్టీలు ప్లేట్లు ఇప్పుడే కొనకు, తీసి చూశాక అవసరమైతే కొందాం. ఇంట్లో స్పానర్ల సెట్టు ఉంది కదా. ఒక వెడల్పాటి మూతి ఉన్న స్క్రూడ్రైవరు, కవరు నట్టుకి సరిపడే సాకెట్టు, పాత బేసిను, నూలు గుడ్డలు, కొంచెం డీజిల్, సన్నని గరుకు కాగితం, ఒక చిన్న ఆకురాయి, ఒక అద్దం ముక్క. ఇంతే.

బండిని సెంటర్ స్టాండ్ మీద వెయ్యి. కింద షెడ్డులో నేల సమంగానే ఉంటుందనుకుంటాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. తాళంచెవి తీసి నీ దగ్గర పెట్టుకో. లివర్ దగ్గర కేబుల్ పూర్తిగా వదులు చెయ్యి. ఎడమవైపు ఫుట్‌రెస్టూ, బ్రేకు పెడలూ అడ్డం వస్తాయి, వాటిని విప్పాలి. ఇక చైన్ కవరు. దాన్ని పట్టుకుని ఉన్నది మధ్యలో ఉన్న ఒక్క పెద్ద నట్టే. కింద బేసిను పెట్టుకుని నట్టు తియ్యి. కవరు రాకపోతే అరచేత్తో గానీ చెక్కముక్కతో గానీ చుట్టూ మెల్లగా తట్టు. అతుకు సందులో స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తకు. అక్కడ ఒక్క గీత పడితే ఎన్ని సీళ్ళు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. కవరు వదలగానే ఆయిల్ ఒక్కసారిగా కిందికి వస్తుంది, కంగారు పడకు.

లోపల ముందు వైపు కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు కనిపిస్తుంది. దాని లోపల తిరిగేది అయస్కాంతం. నువ్వు అక్కడికి దగ్గరగా ఆకురాయి పెట్టి రాస్తే ఇనుప రజను పోయి దానికి అంటుకుంటుంది. ముందే ఆ భాగాన్ని గుడ్డతో కప్పెయ్యి.

వెనక ఉన్న గుండ్రటిదే క్లచ్. ముందు ఫోనుతో రెండు మూడు ఫోటోలు తీసుకో. స్ప్రింగుల స్క్రూలు మూడూ ఒకేసారి విప్పకూడదు. ఒక్కోదాన్నీ ఒక చుట్టు తిప్పు, తర్వాతదానికి వెళ్ళు, మళ్ళీ మొదటిది. స్ప్రింగులు అదిమి ఉంటాయి కాబట్టి ఒకటి పూర్తిగా విప్పేస్తే బరువంతా మిగతా రెండింటి మీద పడి మర పోతుంది. స్క్రూడ్రైవరు మూతి గాటు నిండా కూర్చోవాలి. ఒంటి బరువంతా దాని మీద మోపి తిప్పు. సన్నని దానితో ప్రయత్నిస్తే గాటు చెడిపోతుంది, తర్వాత ఎవరి తరమూ కాదు. హబ్ కూడా తిరిగిపోతుంటే బండిని గేరులో పెట్టి, కింది ఇంటి అబ్బాయిని వెనక చక్రం పట్టుకోమను.

ప్రెషర్ ప్లేటు తీసేటప్పుడు మధ్యలో రాడ్‌కి తగిలే చిన్న ముక్క ఉంటుంది, జారి బేసినులో పడుతుంది. చూసుకో. ప్లేట్లు ఒక్కొక్కటే తీసి, న్యూస్‌పేపరు మీద ఎడమ నుంచి కుడికి, తీసిన వరుసలోనే, ఏ ముఖం పైకి ఉందో అలాగే పెట్టుకుంటూ పో. ఏ స్ప్రింగు వెంట ఏ చిన్న ముక్క వచ్చిందో దాన్ని కూడా దాని పక్కనే ఉంచు. ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పనిముట్టు ఆ న్యూస్‌పేపరే అంటాను నేను. ఆర్టీసీ గ్యారేజీలో నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజు ఇదే చెప్పేవాణ్ణి.

ఇప్పుడు తీరిగ్గా పరీక్షించు. ఇక్కడ తొందరపడకు, అరగంట పట్టినా ఫరవాలేదు. పాత రాపిడి ప్లేటు పక్కన కొత్తది పెడితే మందంలో తేడా కంటికే తెలుస్తుంది. మెరుస్తూ గాజులా నున్నగా ఉంటే అరిగి కాలింది. కాలిన వాసన కూడా వస్తుంది. స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు ఉన్నాయా అని చూడు, అవి బాగా వేడెక్కిన గుర్తు. ఒక్కోదాన్నీ అద్దం ముక్క మీద పెట్టి నాలుగు వైపులా నొక్కు. ఊగితే వంగిందని అర్థం, మార్చాల్సిందే. బల్లపరుపుగా ఉంటే డీజిల్‌తో కడిగి, గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది నునుపు పోగొట్టు, మళ్ళీ కడిగి తుడువు. అయితే తీసేటప్పుడే కొద్దిగా పళ్ళెంలా వంపుతో చేసినదేమైనా కనిపిస్తే దాన్ని సాపు చెయ్యకు, ఫోటో పంపు. స్ప్రింగులు మూడూ కొత్తవాటి పక్కన నిలబెట్టి ఎత్తు చూడు. పొట్టివైతే అలిసిపోయినట్టు. ఒకటే పొట్టిగా ఉన్నా మూడూ కలిపే మార్చాలి.

డ్రమ్ము అంచున ప్లేట్ల చెవులు కూర్చునే గాడులు చూడు. ఏళ్ళ తరబడి కొట్టుకుని అక్కడ మెట్లు పడతాయి. ప్లేటు ఆ మెట్లలో ఇరుక్కుంటే క్లచ్ సరిగ్గా విడవదు, గేరు వేసినప్పుడల్లా కటకటమంటుంది. చిన్నవైతే ఆకురాయితో నున్నగా చేసి రజను శుభ్రంగా తుడిచెయ్యి. లోతుగా ఉంటే డ్రమ్ము మార్చాలి. అలాగే డ్రమ్ముని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడు. బాగా ఆడుతుంటే లోపల బేరింగు పోయింది. ఈ రెంటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపెయ్యి తల్లీ. పుల్లర్ లేకుండా హబ్ లాగాలని సుత్తితో కొడితే గేర్‌బాక్సు షాఫ్ట్ వంగుతుంది, అప్పుడు నిజంగానే గేర్‌బాక్సు విప్పాల్సి వస్తుంది. కవరు పైన పెట్టి మూసి, పుల్లర్ ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళు. తెలిసిన మెకానిక్ చేతికి ఇవ్వడం ఓటమేమీ కాదు. ఏం చెయ్యాలో నీకు తెలిసి ఇస్తున్నావు కాబట్టి అతనూ సూటిగానే మాట్లాడతాడు.

కొత్త రాపిడి ప్లేట్లని ముందు రోజు రాత్రే, చైన్ కేసులో పొయ్యబోయే ఆయిల్‌లోనే మునిగేలా నానబెట్టు. పొడిగా పెడితే మొదటి రోజే కాలుతాయి. కవరు తెరిచి ఉండగానే ప్రైమరీ చైన్ కూడా చూడు. మధ్యలో పైకీ కిందికీ పావు అంగుళం, అంటే 6 మి.మీ. ఆడాలి. చక్రం మెల్లగా తిప్పుతూ అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట కొలువు.

బిగించడం అంతా తీసినదానికి వ్యతిరేక వరుస. స్ప్రింగుల స్క్రూలు మళ్ళీ ఒక్కో చుట్టు చొప్పున, మూడూ సమానంగా, చివరిదాకా. ఇప్పుడు కేబుల్ కాస్త బిగించి లివర్ నొక్కి ఉంచి, కిక్ చేత్తో మెల్లగా తిప్పుతూ ప్రెషర్ ప్లేటు వైపు చూడు. అది చుట్టూ సమానంగా పైకి లేచి తిన్నగా తిరగాలి. ఒక పక్కకి ఒరిగితే ఏదో స్ప్రింగు గానీ ప్లేటు గానీ సరిగ్గా కూర్చోలేదు. విప్పి చూడు. కవరు మూశాక తెలిసేకంటే ఇప్పుడే తెలియడం మేలు.

కవరు గాడి తుడిచి కొత్త సీలు పెట్టు. జారిపోతుంటే కొంచెం గ్రీజు పూస్తే అంటుకుని ఉంటుంది. నట్టు మాత్రం బలం కొద్దీ బిగించకు. కవరు పల్చటి అల్యూమినియం, మధ్యలో లోపలికి నొక్కుకుపోయి అంచులు లేస్తాయి, ఆయిల్ కారేది అందుకే. ఆయిల్ సుమారు 420 మి.లీ. పడుతుంది. బండి నిటారుగా ఉండగా పోసి, లెవెల్ స్క్రూ తెరిచి అక్కడి నుంచి చుక్క వచ్చేవరకు చూసుకో. ఎక్కువైతే ఏమవుతుందో పైన రాశాను.

తర్వాత కుడివైపు గేర్‌బాక్సు మీది చిన్న మూత తీసి, లోపలి అడ్జస్టింగ్ స్క్రూతో రాడ్‌కి కొంచెం ఆట ఇచ్చి, లాక్ నట్టు బిగించి, అప్పుడు లివర్ దగ్గర ఆ రెండు మూడు మిల్లీమీటర్ల లూజు పెట్టు. ముందు రాడ్, తర్వాతే కేబుల్. తారుమారు చేస్తే లెక్క కుదరదు.

ఇది జాగ్రత్తగా చదువు. నువ్వు విప్పింది క్లచ్ ఒక్కటే కాదు, బ్రేకు పెడల్ కూడా. బండి స్టాండ్ మీద ఉండగానే వెనక చక్రం తిప్పి బ్రేకు నొక్కి చూడు. గట్టిగా పట్టాలి, వదిలితే చక్రం తేలిగ్గా తిరగాలి, బ్రేకు లైటు వెలగాలి. ఇది చూడకుండా గేటు దాటవద్దు. మీ అమ్మ కూడా ఈ మాటే పక్క నుంచి చెబుతోంది.

మొదట మీ వీధిలోనే తిప్పు. ఆపి కవరు కింద వేలు పెట్టి చూడు, తడి లేకపోతే బీచ్ రోడ్డు దాకా వెళ్ళు. కొత్త ప్లేట్లు కుదురుకున్నాక కేబుల్ లూజు మళ్ళీ ఒకసారి చూసుకో. ఘాట్ మొదటి వారం వద్దు. తర్వాత వెళ్ళినా మలుపుల్లో సగం క్లచ్ పట్టుకుని లాగించకు, మలుపు రాకముందే సెకండ్ గేరులోకి వచ్చెయ్యి. సిగ్నల్ దగ్గర లివర్ పట్టుకుని నిలబడే బదులు మడమతో నొక్కే న్యూట్రల్ లివర్ ఉంది కదా, అది వాడు. పొద్దున్నే బండి తాళంచెవి తిప్పకముందు క్లచ్ నొక్కి పట్టుకుని రెండు మూడు కిక్కులు కొడితే రాత్రంతా అంటుకుపోయిన ప్లేట్లు విడిపోతాయి, మొదటి గేరు శబ్దం లేకుండా పడుతుంది. తీసిన పాత ఆయిల్ కాలవలో పొయ్యకు, డబ్బాలో పట్టి ఏ మెకానిక్ షెడ్డులోనైనా ఇచ్చెయ్యి.

వెడల్పాటి స్క్రూడ్రైవరూ, సాకెట్టూ, ఇక్కడే దొరికిన రబ్బరు సీళ్ళు రెండూ ఒక పెట్టెలో సర్దాను. రేపు కొవ్వూరులో ఆర్టీసీ కార్గోలో వేస్తాను, నువ్వు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో తీసుకో. అమ్మ సున్నుండలు కూడా అదే పెట్టెలో ఉంటాయి, విడిగా కట్టాను, ఆయిల్ వాసన పట్టదు. పని ఆదివారం పెట్టుకో. ప్లేట్లు పేపరు మీద పరిచాక వీడియో కాల్ చెయ్యి, బిగించే ముందు నేనొకసారి చూస్తాను.

ఇట్లు,
నాన్న