రాంబాబుకి, మీటరు కొనేముందు

గుంటూరు

ఒరేయ్ రాంబాబూ,

ఉత్తరం అందింది. ఆటోనగర్‌లో తుక్కు వ్యాపారం చేసేవాడివి రేడియేషన్ మీటరు కొంటానంటుంటే ముచ్చటేసిందిరా. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏమైందో గుర్తుందిగా? వేలంలో కొన్న పాత యంత్రంలో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉండిపోయింది. తెలియక విప్పి ముక్కలు చేశారు, ఒకతని ప్రాణం పోయింది.

కానీ "కంటైనర్‌కి మీటరు ఆనిస్తే లోపల ఎంతుందో తెలిసిపోతుందిగా" అన్నావు చూడు, తిరకాసంతా అక్కడే. మీటరుకి తెలిసేది బయటికొచ్చినంతే.

200 లీటర్ల డ్రమ్ము నిండా మట్టి ఉందనుకో. అలాంటిదే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ముక్క అంచున ఉంటే మీటరు గోలగోల చేస్తుంది. అదే ముక్క నడిమధ్యన ఉంటే? ఐదారు సెంటీమీటర్ల మట్టి దాటేసరికి దాన్నుంచి వచ్చే గామా కిరణాల్లో సగమే మిగులుతుంది, ఇంకో ఐదారుకి అందులో సగం. అంచుకి చేరేలోపు ఇలా ఐదుసార్లు సగమై, బయటికొచ్చేది ముప్ఫయ్యో వంతు. ఇనుమైతే సెంటీమీటరు పైచిలుకు చాలు, సగం మింగేస్తుంది. ఇంక నీ ఇంజన్ బ్లాకుల లోడు సంగతి నువ్వే ఆలోచించుకో.

అందుకే అణువ్యర్థాలు కొలిచేవాళ్లు ఒక్క రీడింగు నమ్మరు. డ్రమ్మయితే తిప్పుతూ కొలుస్తారు, పెద్ద పెట్టెలకైతే నాలుగు వైపులా. కాస్త దూరం జరిగితే ముక్క ఏ మూలనున్నా తేడా తగ్గుతుంది, కాకపోతే మీటరు పట్టుకునే గామాల సంఖ్యా తగ్గి గంటలు పడుతుంది. పక్క పెట్టెల గామా దూరకుండా డిటెక్టరు చుట్టూ సీసపు తొడుగు. పెట్టె బరువు తూచి సాంద్రత కట్టి, అప్పుడు లెక్క. నాకు బాగా నచ్చే కిటుకొకటుంది. యూరోపియం-152 అనే మరో రేడియోధార్మిక పదార్థం నుంచి 122, 1408 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (గామా శక్తిని కొలిచే లెక్క ఇది) గామాలు రెండూ వస్తాయి. శక్తి తక్కువున్న గామానే అడ్డొచ్చిన మట్టో ఇనుమో ఎక్కువగా మింగుతుంది, కాబట్టి 122ది బాగా చిక్కిపోయి 1408ది గట్టిగా ఉంటే సరుకు లోతున ఉన్నట్టే.

ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే జెర్మేనియం డిటెక్టరు నీకు దండగ. ధర వింటే మా చెల్లెమ్మ నిన్ను ఇంట్లోకి రానివ్వదు. చేతిలో పట్టే సోడియం అయొడైడ్ స్ఫటికం డిటెక్టరు తీసుకో, కానీ గామా శక్తి ఎంతో చెప్పేదై ఉండాలి. 662 అయితే సీజియం. 1173, 1332 జంటగా వస్తే కోబాల్ట్. 1461 అయితే పొటాషియం. ఈ చివరిది ఎందుకంటావా? మా ఊళ్లో ఎరువుల గోడౌన్‌కి రా. పొటాష్ ఎరువులో సహజంగానే రేడియోధార్మికత గ్రాముకి 16 బెకరెల్ (అంటే సెకనుకి 16 అణువులు విచ్ఛిన్నమవడం) దాకా ఉంటుంది, బస్తాల మధ్య నిలబడితే ఉత్త మీటరు లేచి కూర్చుంటుంది. అలాంటి లారీ నీ గేటు ముందు ఆగిందని జనాన్ని హడలగొట్టకు.

సీజియమో కోబాల్టో అని చూపిస్తే మాత్రం కటింగ్ ఆపించి, కుర్రాళ్లని దూరంగా పంపించి, ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలికి ఫోన్ చెయ్యి. ఎంతుందో వాళ్లు తేల్చుకుంటారు.

ఏ మోడల్ చూశావో వాట్సాప్‌లో పెట్టు. అడ్వాన్స్ ఇవ్వకు.

నీ
సూరి