ఎత్తు నావలకు నిచ్చెన కావాలి

సంపాదకులు గారికి,

యానాం దిగువన గౌతమి సముద్రంలో కలిసేచోట పోటూ పాటూ రోజుకు రెండేసిసార్లు వస్తాయి కనుక, పొద్దున గట్టుతో సమానంగా ఉన్న తెరచాప నావ అంచు కొన్ని గంటల్లోనే అందనంత ఎత్తుకు లేస్తుంది లేదా బాగా దిగిపోతుంది. మొన్న మా పెద్దమ్మ సంచితోనే దిగబోతుండగా నాచు పట్టిన మెట్టు మీద మడమ జారి, కాలు గట్టుకూ నావకూ మధ్య ఇరుక్కుంది. సరంగు గడతో నావను నెట్టిపట్టాడు కాబట్టి సరిపోయింది.

అణియం (నావ ముందుభాగం), అమరం (వెనుకభాగం) రెండువైపులా మోకులు బిగించాకే, సంచులు ముందుగా అందించి, నావ వైపే ముఖం పెట్టి దిగాలి. ఊగే తెరచాప తాళ్లను కాదు, కొయ్యకు బిగించిన మోకునే పట్టుకోవాలి. మా రేవుకు కొక్కేల నిచ్చెన, గట్టుకు పాత టైర్లు వెంటనే ఏర్పాటు చేయాలని అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, యానాం