నా మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ టెస్ట్ రికార్డింగ్ ఒక్కసారి తెరిచి చూడండి

కస్టమర్ సపోర్ట్ విభాగానికి,

ఈ విషయం మీద మీకు నేను రాస్తున్న ఆరో మెయిల్ ఇది. ముందు రాసిన ఐదింటికీ జవాబులైతే వచ్చాయి గానీ, వాటిలో ఒక్కటి కూడా మనిషి చదివి రాసినట్టు లేదు. అందుకే ఈసారి జరిగిందంతా మొదటి నుంచి చెబుతున్నాను. పొడుగ్గానే ఉంటుంది, దయచేసి సగంలో ఆపేసి "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని పంపకండి. ఆ వాక్యం చూస్తేనే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతోంది.

వచ్చే సెమిస్టర్‌లో నేను యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో చేరుతున్నాను. చేరే ముందు అందరూ మీ ఆన్‌లైన్ మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ టెస్ట్ రాయాల్సిందే. నేరుగా కాలిక్యులస్‌లో ఎవరు కూర్చోవాలి, ఎవరు ప్రీకాలిక్యులస్ చదవాలి, ఎవరు ఇంకా కింద ఆల్జీబ్రా నుంచి మొదలుపెట్టాలి అన్నది ఆ స్కోరే తేలుస్తుంది. మా దగ్గర కాలిక్యులస్‌కి 76 కావాలి. నాకు మీరిచ్చింది 41.

స్కోరు తక్కువ వచ్చిందని ఏడుస్తూ రాస్తున్న ఉత్తరం కాదిది. రాయడం చేతకాక 41 వచ్చి ఉంటే నోరు మూసుకుని ఆల్జీబ్రా క్లాసుకి వెళ్లేదాన్ని. పన్నెండు రోజులుగా చెబుతున్నా నా మాట వినే మనిషి ఒక్కరు కూడా మీ దగ్గర దొరకలేదు, అదీ నా బాధ.

8వ తేదీ సాయంత్రం 6:30కి టెస్ట్ మొదలుపెట్టాను. అంతకుముందు మీ సెక్యూర్ బ్రౌజర్ వేసుకుని, ఐడీ కార్డు కెమెరాకి చూపించి, ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని గదంతా తిప్పి చూపించాను. టేబుల్ కింద చూపించమంటే వంగి చూపించాను. చెవుల్లో ఏమీ లేవని జుట్టు వెనక్కి తీసి చూపించాను. తెల్లకాగితం అటూ ఇటూ తిప్పమంటే తిప్పాను. మొత్తం సెషన్ రికార్డ్ అవుతుందని స్క్రీన్ మీద రాసి ఉంటే ఒప్పుకుని టిక్ పెట్టాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు ఏం జరిగిందో నేను ఋజువు చేయాల్సిన పనే లేదు, అంతా మీ దగ్గరే ఉంది.

మొత్తం 30 ప్రశ్నలు. 18 బాగానే రాశాను. 19వ ప్రశ్న లాగరిథమ్‌ల మీద వచ్చింది: బేస్ 2కి ఎక్స్ లాగరిథమ్, ఎక్స్ మైనస్ 2 లాగరిథమ్ కలిపితే 3, ఎక్స్ ఎంత? రెండిటినీ కలిపి ఎక్స్ ఇంటూ ఎక్స్ మైనస్ 2 ఈజ్ ఈక్వల్ టు 8 అని రాసుకున్నాను, క్వాడ్రాటిక్ విడగొడితే 4, మైనస్ 2 వచ్చాయి. నెగటివ్ సంఖ్యకి లాగరిథమ్ ఉండదు కాబట్టి మైనస్ 2 కొట్టేసి 4 చుట్టూ సున్నా చుట్టాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. జవాబు పెట్టెలో 4 కొట్టాను, అది కనిపించలేదు. మళ్లీ కొట్టాను. స్క్రీన్ మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలైంది, తిరుగుతూనే ఉంది. పక్కనున్న గడియారంలో మాత్రం టైమ్ తగ్గుతూ పోయింది. ఏదైనా నొక్కితే టెస్ట్ రద్దవుతుందేమో అని భయం, లేచి రూటర్ చూద్దామంటే కెమెరా ముందు నుంచి కదలకూడదని మీ రూలే ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ చక్రాన్ని చూస్తూ పదకొండు నిమిషాలు కూర్చున్నాను. తర్వాత బ్రౌజర్ దానంతట అదే మూసుకుపోయింది. మళ్లీ లాగిన్ అయితే "మీ పరీక్ష పూర్తయింది" అని వచ్చింది.

ఎలా పూర్తవుతుంది? ఇంకా 12 ప్రశ్నలు ఉన్నాయి. రిపోర్ట్ తెరిస్తే లాగరిథమ్‌ల ఎదురుగా "ఇంకా నేర్చుకోలేదు" అని ఉంది. త్రికోణమితి ఎదురుగా కూడా అదే మాట, అందులో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు!

ఆ రాత్రే మీ చాట్‌లోకి వచ్చాను. మొదట మాట్లాడినాయన నన్ను బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నారు. టెస్ట్ అయిపోయిందని చూపిస్తుంటే క్యాష్ క్లియర్ చేసి ఏం లాభం అండీ అని అడిగితే, అదే వాక్యం మళ్లీ పంపారు. సరే అని చేశాను. "ఇప్పుడు పని చేస్తోందా?" అన్నారు. ఏది పని చేయాలో చెప్పండి అన్నాను. చాట్ ముగిసింది.

మర్నాడు మెయిల్ పెడితే, సమస్య వచ్చినప్పటి స్క్రీన్‌షాట్ పంపమని జవాబు వచ్చింది. మీ సెక్యూర్ బ్రౌజర్‌లో స్క్రీన్‌షాట్ తీయడం కుదరదు కదా, దాన్ని పెట్టుకోమన్నదే అందుకు కదా! ఫోన్‌తో ఫొటో తీద్దామన్నా గదిలో ఫోన్ ఉండకూడదు. ఈ మాటే రాసి పంపాను. రెండు రోజుల తర్వాత "అడిగిన వివరాలు అందనందున మీ టికెట్ మూసివేయబడింది" అని వచ్చింది. మీ రూల్ పాటించినందుకు నా టికెట్ మూసేశారు.

12వ తేదీన ఫోన్ చేశాను. 47 నిమిషాలు లైన్‌లో ఉంచాక ఒకావిడ ఎత్తారు, పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ అడిగారు, "ఒక్క నిమిషం మేడమ్" అని హోల్డ్‌లో పెట్టారు, అటునుంచి అటే కట్ అయింది. నా నంబర్ ఆవిడ దగ్గరే ఉంది, తిరిగి చేయొచ్చు. రాత్రి దాకా ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ రాలేదు గానీ, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని మెసేజ్ వచ్చింది.

14న మళ్లీ చాట్. ఈసారి ఆయన కాస్త ఓపిగ్గానే విన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ చివరికి ఏమన్నారంటే, ఇది అడాప్టివ్ టెక్నాలజీ, కొత్తది, అప్పుడప్పుడు ఇలా అవుతుంటుంది, స్కోరు మార్చే అధికారం మాకు లేదు, మీ యూనివర్సిటీనే అడగండి అని. కొత్తదేం కాదండీ. ఎంబీఏ ప్రవేశాలకి రాసే జీమ్యాట్ 1997లోనే కంప్యూటర్ అడాప్టివ్ పరీక్షగా మారింది. మన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న తేలికదో కష్టమైనదో ఎంచుకోవడమే కదా అడాప్టివ్ అంటే. అలాంటి పరీక్ష మధ్యలో ఆగిపోతే మిగతా ప్రశ్నలకి నేను ఏం రాసేదాన్నో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు తెలియదనాలి గానీ "నేర్చుకోలేదు" అని రాసి యూనివర్సిటీకి ఎలా పంపుతారు?

యూనివర్సిటీ వాళ్లనూ అడిగాను. అడ్వైజర్ మర్యాదగానే మాట్లాడారు, స్కోరు మీ సిస్టమ్ నుంచి నేరుగా వస్తుందట, టెక్నికల్ సమస్య జరిగిందని మీరు ఒక్క ముక్క రాసిస్తే ఆ అటెంప్ట్‌ను పక్కన పెట్టి మళ్లీ రాయనిస్తారట. నేను అడుగుతున్నది కూడా అంతే, ఆ ఒక్క ముక్క. స్కోరు పెంచమని నేను అడగలేదు, ఊరికే కాలిక్యులస్‌లో కూర్చోబెట్టమనీ అడగలేదు. ఆ మాట మీకు చెబితే మీరు మళ్లీ యూనివర్సిటీ దగ్గరికే పొమ్మన్నారు. రెండు గుమ్మాల మధ్య బంతిలా తిరుగుతున్నాను.

ఇంకొకటి చెప్పాలి, ఇది తలుచుకుంటే ఏడుపొస్తుంది. 16న వచ్చిన మెయిల్‌లో, ప్రాక్టీస్ మాడ్యూల్‌లో 5 గంటలు పూర్తి చేస్తే రెండో అటెంప్ట్ దానంతట అదే తెరుచుకుంటుందని రాశారు. నమ్మాను. 41 వచ్చింది కాబట్టి ఆ మాడ్యూల్ నన్ను భిన్నాల దగ్గర మొదలుపెట్టించింది. మూడు బై నాలుగుకి అయిదు బై ఆరు కలపండి, ఇప్పుడు ఇంకో రెండు కలపండి, ఇప్పుడు తీసివేయండి. ఒక్కటీ వదలకుండా, విసుక్కోకుండా, రెండు రాత్రులు కూర్చుని 5 గంటల 10 నిమిషాలు పూర్తి చేశాను. పొద్దున్నే లేచి చూస్తే ఆ బటన్ ఇంకా బూడిద రంగులోనే ఉంది. అడిగితే, మొదటి అటెంప్ట్ మీద ఫిర్యాదు పరిశీలనలో ఉంది కాబట్టి రెండోది లాక్ అయింది అన్నారు. ఏ ఫిర్యాదు? మీరు 11నే మూసేసిన టికెట్టా? అయిదు గంటలు చేయమని చెప్పే ముందు మీలో ఒక్కరైనా నా అకౌంట్ తెరిచి చూసి ఉంటే ఈ సంగతి అప్పుడే తెలిసేది.

మీరంటే నాకు మొదటి నుంచీ పడకపోతే వేరే మాట. పదకొండో తరగతి నుంచి, అంటే రెండేళ్లుగా, మీ ప్రాక్టీస్ యాప్‌కి డబ్బు కడుతున్నాను. నాకు లాగరిథమ్‌లు వచ్చింది కూడా మీ పాఠాల్లోనే, ఆ మైనస్ 2ని కొట్టేయాలని నేర్పింది మీరే. క్లాసులో నలుగురైదుగురు స్నేహితులతో నేనే దగ్గరుండి మీ యాప్ వేయించాను, మా తమ్ముడికి కూడా పెట్టాను. అంత నమ్మకం ఉండేది. మీ టెస్ట్ అని తెలిసినప్పుడు తెలిసిన వాళ్ల ఇంటికి వెళ్తున్నట్టు అనిపించింది, టెన్షన్ కూడా పెద్దగా పడలేదు.

24న మ్యాథ్స్ సెక్షన్ల రిజిస్ట్రేషన్ ఆఖరు. కాలిక్యులస్ లేకపోతే ఫిజిక్స్ తీసుకోనివ్వరు, ఫిజిక్స్ లేకపోతే రెండో సెమిస్టర్ కోర్సులు ఆగిపోతాయి. ఆల్జీబ్రా కోర్సుకి ఫీజు కట్టాలి, మా ప్రోగ్రామ్‌లో దాని క్రెడిట్లు డిగ్రీకి లెక్కలోకి రావు. మీ స్క్రీన్ మీద ఒక చక్రం పదకొండు నిమిషాలు తిరిగితే ఇక్కడ నాకు ఒక సెమిస్టర్ పోతుంది. ఈ లెక్క 12వ తేదీన ఫోన్ పెట్టేసినావిడకి చెప్పాలనే అప్పుడు కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

ఈ రోజు 20. ఎల్లుండి సాయంత్రం 5 గంటల లోపు మనిషి రాసిన జవాబు రావాలి. రాకపోతే ఈ ఉత్తరాన్ని, చాట్‌లన్నిటి కాపీలనూ, 4 చుట్టూ సున్నా చుట్టిన ఆ కాగితం ఫొటోనూ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి, మీతో కాంట్రాక్ట్ చూసే విభాగానికి పంపుతాను. వినియోగదారుల ఫిర్యాదుల విభాగంలోనూ కేసు వేస్తాను. నా మొహం, నా గది రికార్డ్ చేసి మీ దగ్గర పెట్టుకున్నారు కాబట్టి ఆ రికార్డింగ్ కాపీ రాతపూర్వకంగా అడుగుతాను, ఇవ్వకపోతే అది కూడా ఫిర్యాదులో కలుపుతాను. యాప్ చందా ఈ నెలతో ఆపేస్తున్నాను, నేను చేర్పించిన వాళ్లందరికీ ఎందుకు ఆపానో చెబుతాను. ఇదంతా చేయాలని నాకు సరదా లేదు, చదువుకోవాల్సిన టైమ్ ఇది.

రికార్డింగ్ మొత్తం చూసే తీరిక లేకపోతే చివరి పదకొండు నిమిషాలు చూడండి చాలు. అందులో నేను ఒళ్లో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంటాను.

ఇట్లు,
8వ తేదీ సాయంత్రం 6:30 సెషన్‌లో పరీక్ష రాసిన విద్యార్థిని
(రిజిస్ట్రేషన్ నంబర్ ఈ మెయిల్‌కి జత చేశాను, ముందు ఐదింటికీ చేసినట్టే)