గడువు 5 అయితే డబ్బు కూడా 5నే కట్ అవుతుంది

మన మెస్ నుంచి క్యారియర్ తీసుకుంటున్న అన్నలకూ అక్కలకూ, పెద్దవాళ్లకూ నమస్కారం.

పోయిన నెల కార్డుల నుంచి బిల్లు డబ్బు కట్ అయిన రోజు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. అందరి మాటా దాదాపు ఒకటే. "బిల్లు మీద గడువు 5 అని వేశారు, 3నే లాగేశారు. ఇంక గడువు దేనికి?" బాలాజీ కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు ఇంకొంచెం మర్యాదగా అడిగారు. "5 అని రాయడం ఎందుకు నాయనా, 3 అనే రాసెయ్యకూడదా?" అడగాల్సిన మాటే. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పడం కుదరక ఇలా రాస్తున్నాను.

తీరిక లేనివాళ్లకు అసలు సంగతి ముందే చెప్పేస్తా. వచ్చే నెల నుంచి కార్డు ఆటోపే డబ్బు, అంటే నెలనెలా మీ కార్డు నుంచి దానంతటదే పోయే బిల్లు డబ్బు, 5వ తేదీనే కట్ అవుతుంది, ముందు రోజు కూడా కాదు. 5 ఇబ్బంది అనుకునేవాళ్లు 10 పెట్టుకోవచ్చు. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్న వివరం.

ఇన్నాళ్లూ 3న ఎందుకు కట్ చేశామంటే, కార్డు పేమెంట్ ఒక్కోసారి ఫెయిలవుతుంది. కార్డు గడువు తీరిపోయి ఉంటుంది, లిమిట్ అయిపోయి ఉంటుంది, లేదంటే ఆన్‌లైన్ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ఆఫ్ చేసి మరిచిపోయి ఉంటారు. 3న ఫెయిలైతే సర్దుకోవడానికి ఇంకా రెండు రోజులు ఉంటాయి, గడువు దాటిందన్న మాట రాదు. మా వైపు నుంచి ఆ లెక్క ఇప్పటికీ సబబే అనిపిస్తుంది. కానీ మీ వైపు లెక్క అంతకంటే బరువైనది. ప్రైవేటు ఉద్యోగాల్లో చాలామందికి జీతం 4నో 5నో పడుతుంది. డెబిట్ కార్డు ఇచ్చినవాళ్లకు 3న ఖాతాలో ఏముంటుంది? క్రెడిట్ కార్డు వాళ్లది ఇంకో కత. అది కొంచెం వివరంగా చెప్పాలి.

ఇక్కడ రెండు గడువులు ఉన్నాయి. ఒకటి మా బిల్లుది, ఇంకోటి మీ క్రెడిట్ కార్డు బిల్లుది. ఫోన్ చేసినవాళ్లలో సగం మంది ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడారు. మేము 5న కట్ చేస్తే ఆ డబ్బు ఆ రోజే మీ జేబులోంచి పోదు, కార్డు ఖాతాలో అప్పుగా ఎక్కుతుంది. మీరు దాన్ని బ్యాంకుకు ఎప్పుడు కట్టాలన్నది మీ కార్డు స్టేట్‌మెంట్, అంటే నెల వాడకమంతా లెక్కగట్టి బ్యాంకు పంపే బిల్లు, ఏ తేదీన తయారవుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మీ స్టేట్‌మెంట్ నెలనెలా 4న వస్తుందనుకోండి. దానికి సుమారు 20 రోజుల తర్వాత, అంటే 24 ప్రాంతంలో కట్టాలి. మేము 3న కట్ చేస్తే ఆ మొత్తం మర్నాటి స్టేట్‌మెంట్‌లోనే పడిపోయే అవకాశం ఉంది, మీకు దొరికేది మూడు వారాలు. అదే 5న కట్ చేస్తే ఆ స్టేట్‌మెంట్ దాటిపోయి వచ్చే నెల 4న వచ్చేదాంట్లోకి వెళ్తుంది. ఇంకో నెల రోజులు కలిసొస్తాయి. మేము రెండు రోజులు అటూ ఇటూ జరిపితే మీకు నెల తేడా! యూనివర్సిటీలో పనిచేసే ఒక అక్క ఈ లెక్క నాకు కాగితం మీద గీసి మరీ చూపించారు. మార్చాలని అప్పుడే అనుకున్నాం.

స్టేట్‌మెంట్ 8నో 10నో వచ్చేవాళ్లకు ఈ మార్పుతో పెద్ద తేడా ఏమీ ఉండదు. 3న కట్ చేసినా 5న కట్ చేసినా అదే స్టేట్‌మెంట్‌లో పడుతుంది. 5, 6 తేదీల్లో వచ్చేవాళ్లు మాత్రం ఒకసారి చూసుకోండి, ఎందుకంటే కట్ అయిన మొత్తం కార్డు ఖాతాలో పూర్తిగా ఎక్కడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మీ కార్డు తేదీలే మీకు కుదరడం లేదనుకుంటే బ్యాంకునే అడగొచ్చు. బిల్లింగ్ సైకిల్‌ను, అంటే స్టేట్‌మెంట్ వచ్చే తేదీని, కనీసం ఒక్కసారైనా మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. చాలామందికి ఈ సంగతే తెలీదు.

ఇంకో మాట. పైన చెప్పిన నెల కలిసిరావడం అంతా, పాత బిల్లు పూర్తిగా కట్టేసినవాళ్లకే. పోయిన నెల బాకీ కొంత మిగిల్చి ఉంటే కొత్తగా ఎక్కిన మొత్తానికి వడ్డీ లేని రోజులు ఉండవు, మా క్యారియర్ బిల్లు మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. పప్పు, పులగూర మీద వడ్డీ కట్టడం ఏం ఖర్మ! అలాంటి నెలలో కార్డు పక్కన పెట్టి మామూలుగా ఫోన్‌పేలోనో నగదుగానో ఇచ్చెయ్యండి.

కార్డు బిల్లుకే బ్యాంకులో ఆటోపే పెట్టుకున్నవాళ్లు కూడా మనలో ఉన్నారు. అది మాకు సంబంధం లేని రెండో ఆటోపే. అది సాధారణంగా కార్డు గడువు రోజున ఖాతా నుంచి తీసుకుంటుంది కాబట్టి ముందు రోజు రాత్రికే ఖాతాలో డబ్బు ఉండాలి. ఆదివారమో పండగో వస్తే ఆగుతుందిలే అనుకోకండి. ఖాతాల నుంచి ఆటో డెబిట్‌లు నడిపే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుంచి బ్యాంకు సెలవుల్లోనూ పనిచేస్తోంది. గడువుకు ఒకటి రెండు రోజుల ముందు మీరే చేత్తో కట్టేస్తే కొన్ని బ్యాంకుల్లో ఆటోపే కూడా వెళ్లి రెండుసార్లు కట్ అవుతుంది, డబ్బు తీసుకోమన్న సూచన అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది కదా. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, కార్డులో జమగా ఉంటుంది, కాకపోతే నెలాఖరులో టెన్షన్. అలాగే ఆటోపే 'మినిమమ్ డ్యూ'కి (కనీసం కట్టాల్సిన కొంత మొత్తానికి) ఉందా 'టోటల్ డ్యూ'కి (మొత్తం బిల్లుకి) ఉందా చూసుకోండి. మినిమమ్‌కి పెట్టుకుని బిల్లంతా కట్టేస్తున్నామనుకునేవాళ్లు నాకు తెలిసే ఉన్నారు.

ఒకవేళ గడువు రోజు తప్పిపోయినా కంగారు పడొద్దు. కార్డు బిల్లు గడువు దాటి మూడు రోజులు మించితేనే లేటు ఫీజు వెయ్యాలని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాల్లో ఉంది. వడ్డీకి ఈ మినహాయింపు లేదు, లేటు ఫీజుకే.

సరే, మళ్లీ మన బిల్లు దగ్గరికొస్తా. నెల ఎలా నడుస్తుందంటే, 1వ తేదీ సాయంత్రానికి మీ వాట్సాప్‌కు బిల్లు వస్తుంది. ఇద్దరికి మధ్యాహ్నం క్యారియర్ రోజుకు 160 చొప్పున, ఆదివారాలు తీసేసి 26 రోజులకు 4,160. తిరుపతిలో ఇల్లుందంటే కొండకొచ్చే చుట్టాలకు కొదవుండదు కాబట్టి అదనంగా తెప్పించుకున్న నాలుగు భోజనాలు 90 చొప్పున 360. మొత్తం 4,520. మీరు ఊరెళ్లి వద్దన్న రోజులుంటే అవి ఆ బిల్లులోనే తగ్గుతాయి. లెక్క తేడాగా ఉంటే 3 లోపు చెప్పండి, కట్ కాకముందే సరిచేస్తాం. కట్ అయ్యాక సరిచెయ్యాలంటే వెనక్కి పంపాలి, అది మీ కార్డులో పడేసరికి చాలా రోజులు పడుతుంది.

డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మీ బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. ఎవరు, ఎంత, ఏ రోజు అన్నీ అందులో ఉంటాయి. అది మేము పంపేది కాదు, బ్యాంకు తప్పనిసరిగా పంపాల్సింది. 2021 అక్టోబరు నుంచి కార్డు ఆటోపేలకు ఈ పద్ధతే. ఆ నెలకు వద్దనుకుంటే ఆ మెసేజ్ నుంచే ఆపుకోవచ్చు, అసలు ఆటోపేనే తీసేసుకోవచ్చు. దానికీ ఓటీపీ అడుగుతుంది. ఆపుకున్నారని మేమేమీ అనుకోం, కాకపోతే ఒక మాట చెప్పండి.

మొదట్లో నమోదు చేసుకున్నప్పుడు స్క్రీన్ మీద 6,000 అని కనిపించి కొంతమంది హడలిపోయారు. "బిల్లు నాలుగువేల చిల్లర, ఆరువేలు ఎందుకు?" అని. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. బిల్లు నెలనెలా మారుతుంది కాబట్టి ఇంతకు మించి తీసుకోవడానికి వీల్లేదని మీరే గీత గీసినట్టు. కట్ అయ్యేది బిల్లు మీదున్న అంకె. 15,000 దాటితే ఎలాగూ ప్రతిసారీ ఓటీపీ కావాలి, మన బిల్లులు అంత దూరం పోవు.

5న ఉదయం 9 దాటాక పేమెంట్ పంపుతాం. ఫెయిలైతే అదే రోజు వాట్సాప్‌లో చెప్తాం, 7న ఇంకోసారి పంపుతాం. అప్పటికీ కాకపోతే నేనే ఫోన్ చేస్తా. లేటు ఫీజు ఏమీ లేదు, క్యారియర్ మామూలుగానే వస్తుంది. 15 దాటితే మాత్రం ఆపాల్సొస్తుంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉండే ఇళ్లకు అదీ లేదు, పిల్లలతో మాట్లాడుకుంటాం. బ్యాంకు కొత్త కార్డు పంపి ఉంటే పాత ఆటోపే పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి, ఒకసారి చెప్తే కొత్తగా నమోదు చేద్దాం.

పిల్లలు అమెరికా నుంచి అక్కడి కార్డుతో కట్టే ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఇక్కడ 5 ఉదయం 9 అంటే అక్కడ ఇంకా 4వ తేదీ రాత్రే. స్టేట్‌మెంట్‌లో 4 అని పడితే మేము ముందే లాగేశామనుకోకండి బాబూ. 24 గంటల ముందు మెసేజ్ పంపాలన్న నియమం కూడా మన దేశంలో ఇచ్చిన కార్డులకే కాబట్టి మీకు ఆ మెసేజ్ రాదు. అందుకని మేమే 3న వాట్సాప్ పెడతాం.

ఈ మార్పు మాకు ఖర్చు లేనిదేమీ కాదు, దాచేదేముంది. కార్డు డబ్బు కట్ అయిన వెంటనే మా ఖాతాలో పడదు, రెండు పనిదినాలు పడుతుంది. 5 శుక్రవారం వచ్చిందంటే మా చేతికి అందేది మంగళవారం. వంటవాళ్లకు, క్యారియర్లు తిప్పే పిల్లలకు జీతాలు 7న ఇవ్వాలి. బియ్యం అంగడాయన పదిహేను రోజులు ఆగుతాడు గానీ కూరగాయలకు రోజుకారోజు దుడ్డు లెక్కపెట్టాల్సిందే. మదనపల్లెలో టమోటా రేటు లేచిన వారం మా ఆవిడ నాతో సరిగా మాట్లాడదు కూడా. అందుకని చీటీ పాడిన డబ్బులో ఒక నెల జీతాలకు సరిపడా పక్కన పెట్టాం. 10 కోరుకునేవాళ్లను కలుపుకున్నా దాంతో నడిచిపోతుంది. 15 కావాలని ఇద్దరు ముగ్గురు అడిగారు, అది మాత్రం మా వల్ల కాదు.

కార్డు మీద కట్టే ప్రతి వందకూ మాకు రెండు రూపాయలు ఛార్జి, ఆ ఛార్జి మీద 18 శాతం జీఎస్టీ. 4,520 బిల్లు మీద దాదాపు నూటఏడు రూపాయలు పోతాయి. అది మీ మీద వెయ్యం, ఇప్పుడూ వెయ్యం, రేపు భోజనం రేటు పెంచాల్సొచ్చినా కార్డు వాళ్లకు వేరే రేటు పెట్టం. కాకపోతే మీకు రెండూ ఒకటే అయితే యూపీఐ ఆటోపే పెట్టుకోండి, మాకు ఖర్చు తక్కువ. అదీ 5నే కట్ అవుతుంది. 2025 ఆగస్టు నుంచి యూపీఐ ఆటోపేలు రద్దీ లేని వేళల్లోనే నడుస్తున్నాయి కాబట్టి ఉదయం కనిపించకపోతే మధ్యాహ్నమో రాత్రో పడుతుంది. క్రెడిట్ కార్డు వల్ల మీకు నెల రోజులు కలిసొస్తుంటే దాన్ని మా కోసం వదులుకోమని అడగను.

5 సరిపోయేవాళ్లు ఏమీ చెయ్యక్కర్లేదు. తేదీ మారినందుకు కొత్తగా నమోదు కూడా అవసరం లేదు, మన ఆటోపేలో తేదీ కట్టుబాటు పెట్టలేదు. 10 కావాలనుకునేవాళ్లు ఈ నెల 28లోపు వాట్సాప్‌లో మీ పేరు, వీధి, పక్కన '10' అని పెడితే చాలు. కార్డు నంబరు, ఓటీపీ పంపకండి. అవి మాకు అక్కర్లేదు. మా పేరు చెప్పి ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేసి నాకు చెప్పండి.