నువ్వు అప్పజెప్పిన వ్యాసం గురించి

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోనులో, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష కోసం బట్టీ పట్టిన పర్యావరణం వ్యాసం అప్పజెప్పావు. ఎక్కడా తడబడలేదు. అయ్యాక "ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే బాగుందన్నాను. కానీ ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నీకు అసలు మాట చెప్పలేదనిపించింది.

ఆ వ్యాసంలో నువ్వు లేవమ్మా. ఎవరో పేర్చిన వాక్యాలున్నాయి, నువ్వు మామూలుగా ఎప్పుడూ వాడని బరువైన పదాలున్నాయి. ఇలాంటివి ఇరవై నోటికి వస్తే పరీక్షలో ఏదో ఒకటి తగులుతుందన్నావు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో రెండో ప్రశ్న అలా తగిలేది కాదు. పర్యావరణం గురించి రాయమని ఊరుకోరు. దాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదా, మనుషులదా, నీ అభిప్రాయం ఏమిటి, ఎందుకు అని అడుగుతారు. దిద్దేవారు చూసే నాలుగు అంశాల్లో మొదటిదే, అడిగినదానికి జవాబు చెప్పావా లేదా అన్నది. ఆలోచన వరుసగా సాగిందా, పదాలు సరిగ్గా పడ్డాయా, వ్యాకరణం నిలబడిందా అన్నవి మిగతా మూడు. బట్టీ పట్టిన వ్యాసం ఎంత సొగసుగా ఉన్నా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. అరువు వాక్యం పక్కన నీ సొంత వాక్యం వచ్చినప్పుడు ఆ అతుకు ఎవరికైనా కనబడుతుంది. దిద్దడమే పనిగా ఉన్నవాళ్లకు కనబడదా?

మొత్తం గంట సమయం. మొదటి ప్రశ్నకు కనీసం 150 పదాలు, రెండోదానికి 250. రెండోదానికి రెట్టింపు విలువ ఉంటుంది కాబట్టి మొదటిదాని మీద 20 నిమిషాలకు మించి కూర్చోకు. మిగిలిన 40 నిమిషాల్లో మొదటి ఐదు నిమిషాలు ఏమీ రాయకుండా ఆలోచించు. అడిగింది ఏమిటి, నా మాట ఏమిటి, దానికి నా దగ్గరున్న కారణాలు రెండు ఏమిటి. ఈ మూడూ తేలితే రాయడం సగం అయిపోయినట్టే. ఇరవై వ్యాసాలు కంఠస్థం చేసే సమయంలో ఇరవై ప్రశ్నలకు ఈ ఐదు నిమిషాల పని చేసి చూడు. నాలుగైదింటికి మాత్రం పూర్తిగా రాసి, ఎవరి చేతనైనా దిద్దించుకో.

ఇది నీకు ఎప్పుడూ చెప్పని సంగతి. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకు నన్ను నేను పరిచయం చేసుకునే మాటలన్నీ ఇంగ్లిష్‌లో రాసుకుని వారం రోజులు వల్లించాను. మూడో వాక్యంలో ఉండగా ఎదుటాయన ఏదో చిన్న ప్రశ్న అడిగారు. తెలియని ప్రశ్న కాదు. కానీ తలలో వరుస తెగిపోయింది, ఇక నోరు పెగల్లేదు. ఆ రోజు నాకు ఇంగ్లిష్ రాక కాదు, నేను వల్లించినదాంట్లో ఆ ప్రశ్న లేక ఓడిపోయాను. ఇన్నేళ్ల తర్వాత ఆ గది నాకు నీ గొంతులో మళ్లీ వినిపించింది. అందుకే భయపడ్డాను.

నిన్న వ్యాసం అయ్యాక నువ్వింకొకటి చెప్పావు, గుర్తుందా? నీ గదిలో ఉండే అమ్మాయి తాళంచెవి పోగొట్టుకున్న సంగతి. అందరూ ఎక్కడెక్కడ వెతికారో, ఎవరు ఎవరి మీద విసుక్కున్నారో, చివరికి అది ఆ అమ్మాయి పుస్తకంలోనే పేజీ గుర్తుగా ఎలా బయటపడిందో చెప్పావు. దాదాపు రెండు నిమిషాలు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నీకు ఎవరూ నేర్పలేదు. స్పీకింగ్ రెండో భాగంలో నీ నుంచి కోరేది సరిగ్గా ఇదే. చేతికి ఒక కార్డు ఇస్తారు, ఒక నిమిషం ఆలోచించుకోనిస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. పోయిన వస్తువు, మరిచిపోలేని ప్రయాణం, నీకు సాయం చేసిన మనిషి, ఇలాంటివే వస్తాయి. కథ చెప్పడం నీకు వచ్చు తల్లీ. ఇక కావలసింది దాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పే అలవాటే.

యాస గురించి బెంగపడ్డావు. తెలుగు యాస ఉన్నందుకు మార్కులు పోవు, మాట అర్థం కాకపోతే పోతాయి. మనం హల్లుతో ముగిసే ఇంగ్లిష్ పదానికి చివర ఒక అచ్చు తగిలిస్తాం. బస్, బస్సు అవుతుంది. దాన్ని వదిలించుకుంటే చాలు, విదేశీయుల గొంతు తెచ్చిపెట్టుకోనక్కరలేదు. తెలుగులో 'ఎ', 'ద' లాంటి ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు అవి జారిపోతుంటాయి. రాసిన ప్రతి పేజీనీ ఒకసారి వాటి కోసమే చదువు.

లిజనింగ్‌లో నీకు పెద్దగా చెప్పాల్సింది లేదు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, 40 ప్రశ్నలు. బహువచనం 'ఎస్' వదిలేసినా, స్పెల్లింగ్ తప్పినా ఆ మార్కు పోతుందని మాత్రం గుర్తుంచుకో. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకు.

రీడింగ్‌లో 'నాట్ గివెన్' జవాబు దగ్గర తప్పులు వస్తున్నాయన్నావు. నీకు ఆ విషయం ముందే తెలిసి ఉండటమే అక్కడ ఇబ్బంది అనుకుంటాను. నీకు తెలిసింది నిజమే కావచ్చు, కానీ పాఠంలో ఉందా? పాఠం దాని ఊసే ఎత్తకపోతే 'నాట్ గివెన్', దానికి ఎదురు చెబితే 'ఫాల్స్'. రైటింగ్‌లో నీ బుర్రకు పని చెప్పాలి, ఇక్కడ దాన్ని పక్కన కూర్చోబెట్టాలి.

నమూనా పరీక్షలో నాలుగు విభాగాలకూ 6.5, 7, 5.5, 6 వచ్చాయని డీలాపడ్డావు. సగటు 6.25, దాన్ని 6.5గా లెక్కిస్తారు. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు ఒక్కో విభాగంలోనూ కనీస బ్యాండ్ (స్కోరు) అడుగుతాయి. నువ్వు దరఖాస్తు చేసేవి ఏమడుగుతున్నాయో ముందు చూసుకో, అప్పుడు ఆ 5.5 కోసం ఎంత కష్టపడాలో తేలుతుంది. ఇంకో నెల పట్టినా పరవాలేదు. స్నేహితులంతా తేదీ తీసుకున్నారని నువ్వూ తొందరపడి తీసుకోకు.

ఆదివారం ఫోను చెయ్యి. ఈసారి వ్యాసం వద్దు. ఆ తాళంచెవి సంగతే ఇంగ్లిష్‌లో చెప్పు. నేను గడియారం పట్టుకుని కూర్చుంటాను. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతాను కూడా. తడబడితే ఆగి, మళ్లీ మొదలుపెట్టు. నేను ఎక్కడికీ వెళ్లను.

నీ
నాన్న