కెమెరాకు దొరికిన డబ్బు బోర్డుకు ఎందుకు దొరకదు?

సంపాదకుడు గారికి,

సిగ్నల్ కెమెరాల ముందు హెచ్చరిక బోర్డులు పెట్టాలన్న నిబంధనతో నగరాలకు ఖర్చు పెరుగుతోందని పది రోజుల కింద మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఆ రోజే రాద్దామనుకున్నా, ఇంట్లో పెళ్లి పనులుండి కుదరలేదు. ఆ వార్త చదివి మా షాపు ముందు చాయ్ తాగుతూ నలుగురు అన్న మాట ఒకటే. బోర్డు పెడితే అందరూ ఆగిపోతారు, ఇక కెమెరా ఎందుకు అని. నాకు చాలా బాధేసింది. అందరూ ఆగడానికే కదా ఆ కెమెరా పెట్టింది!

నేను హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా సైన్‌బోర్డుల పని చేస్తున్నా. ఈ కాంట్రాక్టు నాకు రావాలని రాయడం లేదు, సర్కారు పనులు నేను చేయను. కానీ బోర్డుకు ఎంత పని ఉంటుందో తెలుసు కాబట్టి చెబుతున్నా, ఖర్చు లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. రోడ్డు మీద పెట్టే బోర్డు షాపు మీద పెట్టే ఫ్లెక్సీ లాంటిది కాదు. రోడ్డు బోర్డులు ఎట్లా ఉండాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం ఐఆర్‌సీ 67 ప్రకారం రాత్రి హెడ్‌లైటు పడితే మెరిసే షీటు వేయాలి, దాని కింద అల్యూమినియం రేకు, దానికి ఇనుప పైపు, పైపుకు గుంత తీసి కాంక్రీటు. ఒక చౌరస్తాకు నాలుగు దిక్కులా రోడ్లుంటే బోర్డులూ నాలుగు కావాలి, రోడ్డు వెడల్పైతే డివైడర్ మీద ఇంకోటి. పెట్టేసి మరిచిపోవడానికి కూడా లేదు. చెట్టు కొమ్మ పెరిగి కప్పేస్తుంది, లారీ రివర్స్ తీస్తూ వంచేస్తుంది, పైపులైన్ కోసం తవ్వినోళ్లు పీకి పక్కన పడేస్తారు. మరి కార్పొరేషన్లు చేసే పని ఏమిటంటే ఫ్లెక్సీ కొట్టించి కరెంటు స్తంభానికి తీగతో కట్టేయడం. మన వరంగల్ ఎండలకు అది ఒక్క ఎండాకాలం కూడా ఆగదు, వానాకాలం వచ్చేసరికి చిరిగి వేలాడుతుంటుంది. మళ్లీ కొత్తది, మళ్లీ బిల్లు. ఒకసారి సరిగ్గా పెడితే ఏళ్ల తరబడి ఉండేదానికి ఏటా డబ్బు పోసి, చివరికి నిబంధన వల్ల ఖర్చవుతోందని అంటే ఎట్లా?

పైగా ఇది ఇష్టముంటే పెట్టి లేకుంటే మానేసే పని కాదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు రోడ్ల మీద కెమెరాలతో నిఘా గురించి 136ఏ సెక్షన్ వచ్చింది. దాని కింద 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ నియమం తెచ్చింది. కెమెరా నిఘా ఉన్న రోడ్డు మొదలయ్యే ముందే జనానికి బాగా కనపడేటట్టు బోర్డు పెట్టాలని అందులో రాసి ఉంది. కెమెరా సరిగ్గా పనిచేస్తోందని సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి అని కూడా ఉంది. మనం లైసెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్క రోజు దాటితే ఫైన్ కడుతున్నాం. కెమెరాలు పెట్టేవాళ్లు కూడా వాళ్ల నియమం పాటించాలి.

అసలు గొడవ ఎక్కడుందంటే, చలానా డబ్బు పోయేది రాష్ట్ర ఖజానాకు, బోర్డు, రోడ్డు మీద వేసే గీతల ఖర్చు పడేది నగరం మీద. కార్పొరేషన్ వాళ్ల బాధ నాకు ఇక్కడ అర్థమవుతుంది. కానీ ఆ బాధను నిబంధన మీద చూపిస్తే లాభం లేదు, డబ్బు వసూలు చేసేవాళ్లను అడగాలి. 2022 మార్చిలో టూవీలర్ల పాత చలానాలకు 75 శాతం మాఫీ చేశారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ 80 శాతం అన్నారు. అప్పటిదాకా నిజాయితీగా పూర్తిగా కట్టినోళ్లు ఏం కావాలి? అంత వదులుకోగలిగిన ప్రభుత్వం, వసూలైన దాంట్లో నుంచి చౌరస్తాకు నాలుగు బోర్డులకు ఇవ్వలేకపోతుందా?

మా ఇంట్లో జరిగిందే చెబుతా. మా బావమరిది భూపాలపల్లి వైపు నుంచి వాళ్ల అమ్మను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించడానికి బండి మీద తీసుకొచ్చాడు. ఒక చౌరస్తాలో రెడ్ పడగానే ఆగాడు కూడా. వారం తర్వాత ఫోన్‌కు చలానా వచ్చింది, స్టాప్ లైన్ దాటాడని. ఫోటో తెరిచి నేను, మా ఆవిడ ఎంత పెద్దది చేసి చూసినా ఆ రోడ్డు మీద గీత కనపడలేదు. అంతకు నెల ముందు తవ్వి, మట్టి పోసి, పైన తారు వేసి వదిలేశారు, గీత మళ్లీ వేయలేదు. బోర్డు కూడా లేదు. అడగడానికి పోతే ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. రెండు రోజుల కూలి పోయే కంటే కట్టేయడమే నయమని వాడు కట్టేశాడు. జనం ఇట్లాగే కట్టేస్తున్నారు, తప్పు ఒప్పుకొని కాదు, తిరగలేక.

ఊళ్లో ఉండేవాళ్లకు ఏ కెమెరా ఎక్కడుందో తెలుసు. అక్కడికి రాగానే స్లో చేసి, దాటగానే మళ్లీ వేగం పెంచేవాళ్లను రోజూ చూస్తున్నా. దొరికేది బయటి నుంచి వచ్చేవాళ్లు. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు రాత్రంతా బండి నడుపుకుంటూ వచ్చే డ్రైవర్లు, మేడారం జాతరకు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్లు. వాళ్లకు దూరం నుంచే తెలియాలి. దగ్గరికొచ్చాక కెమెరా చూసి ఒక్కసారి బ్రేక్ వేస్తే వెనకోడు వచ్చి గుద్దుతాడు. ఇది నా ఊహ కాదు. అమెరికాలో ఫెడరల్ హైవే శాఖ 2005లో ఇచ్చిన నివేదికలో, ఏడు చోట్ల సిగ్నల్ కెమెరాలు పెట్టిన 132 చౌరస్తాలు చూస్తే, పక్క నుంచి వచ్చి గుద్దే ప్రమాదాలు 24.6 శాతం తగ్గాయి, వెనక నుంచి గుద్దేవి 14.9 శాతం పెరిగాయి. చౌరస్తా దగ్గరా, ఊరి పొలిమేరలోనూ బోర్డులుంటే మేలు ఎక్కువని కూడా అందులోనే ఉంది. కాలిఫోర్నియాలో అయితే చౌరస్తాకు 200 అడుగుల లోపు బోర్డు తప్పనిసరి, కెమెరా కొత్తగా పెట్టాక మొదటి 30 రోజులు హెచ్చరిక నోటీసులే పంపాలి. మనకు ఆ నెల రోజుల గడువు కూడా లేదు, మొదటి రోజు నుంచే చలానా.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. ఉన్న కొద్ది బోర్డుల మీద నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కడుతున్నారు. సిగ్నల్ లైటు కూడా కనపడకుండా కట్టిన రోజులున్నాయి. ఫ్లెక్సీలు కొట్టేవాణ్ని నేనే, అయినా చెబుతున్నా, రోడ్డు బోర్డుకు అడ్డంగా కట్టిన ఏ ఫ్లెక్సీనైనా, ఏ పార్టీదైనా, అదే రోజు తీసేయాలి. బండి నెంబరు కనిపెట్టే కెమెరాకు ఆ ఫ్లెక్సీ కనపడదా?

చలానా డబ్బులో నుంచి బోర్డులకు, గీతలకు కొంత విడిగా పెట్టి కార్పొరేషన్లకు ఇవ్వాలి. బోర్డు మీద తెలుగు అక్షరాలు పెద్దగా ఉండాలి, ఇంగ్లిష్ చదవలేని డ్రైవర్లే ఎక్కువ. గీత చెరిగిపోయిన చోట మళ్లీ వేసేదాకా ఆ చౌరస్తాలో స్టాప్ లైన్ చలానాలు ఆపాలి.

ఈ ఉత్తరం రాసే ముందు పొద్దున్నే ఆ చౌరస్తాకు వెళ్లి చూసొచ్చా. కెమెరా పనిచేస్తోంది, గీత ఇంకా వేయలేదు.

— ఒక పాఠకుడు, హన్మకొండ